పెద్దగా పేరు రాని సూపర్‌హీరోలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చదవాలి

"బ్యాట్‌మన్, స్పైడర్‌మన్ అయిపోయారు. ఇంకెవరున్నారు? ఎక్కడ మొదలుపెట్టమంటారు?" నెలకి మూడు నాలుగు సార్లయినా నన్ను ఎవరో ఒకరు ఇలా అడుగుతుంటారు. వాళ్లలో సగం మంది అప్పటికే ఒకసారి ప్రయత్నించి వదిలేసినవాళ్లు. 'అండర్‌రేటెడ్ హీరోలు పాతికమంది' అనే లిస్టు చూసి, అందులో ఒక పేరు పట్టుకుని, ఆ పేరు మీద కనబడ్డ మొదటి పుస్తకం కొన్నారు. పది పేజీలు తిరిగేసరికి ఎవరు బతికున్నారో, ఎవరు ఎప్పుడో చనిపోయి తిరిగొచ్చారో అంతు చిక్కలేదు. పుస్తకం అటక ఎక్కింది.

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు తెలియాల్సింది ఒకటే. హీరోని వెతక్కండి, రన్ వెతకండి. ఒక రచయిత, ఒక ఆర్టిస్టు కలిసి ఒక హీరో మీద వరసగా చేసిన ఇష్యూలని, అంటే విడివిడిగా వచ్చే పలచటి సంచికలని, రన్ అంటారు. అమెరికన్ కామిక్స్‌లో ఒకే హీరోని యాభై అరవై ఏళ్ల పాటు పదులమంది రాస్తారు. వాళ్లలో కొందరు బాగా రాస్తారు, కొందరు జీతం కోసం రాస్తారు. హీరో పేరు చూసి కొంటే ఎవరి చేతి వంట మీ పళ్లెంలో పడుతుందో చెప్పలేం.

కావలసినవి

- ఒక రన్‌లో మొదటి సంపుటం, అంటే కొన్ని ఇష్యూలు కలిపి వేసిన పుస్తకం. ఒక్కటే. సెట్టు మొత్తం కొనకండి.
- కాగితం పుస్తకం, లేదా కనీసం ఎనిమిది అంగుళాల ట్యాబ్. ఫోన్‌లో చదవచ్చు కానీ మొదటి పుస్తకానికి వద్దు. ఎందుకో నాలుగో మెట్టులో చెబుతాను.
- ఒక చిన్న నోట్‌బుక్, లేదా ఫోన్‌లో నోట్స్.
- ఎవరూ పిలవని ఒక గంటన్నర.
- ఇంగ్లీషు పేపర్ చదవగలిగేంత ఇంగ్లీషు. మాటలన్నీ క్యాపిటల్ అక్షరాల్లో ఉంటాయి కాబట్టి మొదటి పది పేజీలు కాస్త నెమ్మదిగా నడుస్తాయి, తర్వాత అలవాటైపోతుంది.

అవసరం లేనివి కూడా చెప్పాలి. పాత కథలన్నీ తెలియక్కర్లేదు, సినిమాలన్నీ చూసి ఉండక్కర్లేదు. హీరో గురించి వికీలో చదవడం అయితే అసలు వద్దు. అరవై ఏళ్ల కథని రెండు పేజీల్లో కుదిస్తే ఏ హీరో అయినా పిచ్చివాడిలాగే కనిపిస్తాడు.

మెట్టు 1: మీ రుచిని బట్టి ఒకరిని ఎంచుకోండి

నేను ఎక్కువగా చెప్పే పేర్లు ఇవి. వరసకి అర్థం ఏమీ లేదు. మీకు ఏది పడుతుందో చూసుకోండి, అంతే.

*క్రైమ్ కథలు ఇష్టమైతే, క్వశ్చన్.* విక్ సేజ్ టీవీ రిపోర్టర్. హబ్ సిటీ అనే కుళ్లిపోయిన ఊళ్లో ఉంటాడు. కళ్లు, ముక్కు, నోరు ఏమీ లేని చర్మం లాంటి మాస్క్ తగిలించుకుని రాత్రిపూట నిజాలు తవ్వుతాడు. శక్తులేమీ లేవు. 1967లో స్టీవ్ డిట్కో ఇతన్ని చార్ల్‌టన్ అనే చిన్న కంపెనీ కోసం సృష్టించాడు. ఆ కంపెనీ హీరోలని 1983లో బ్యాట్‌మన్ కామిక్స్ వేసే డీసీ కొనేసింది. మీరు చదవాల్సింది 1987లో మొదలైన రన్. రాసింది డెన్నీ ఓనీల్, బొమ్మలు డెనిస్ కోవన్. మొత్తం 36 ఇష్యూలు.

మొదటి ఇష్యూలోనే విక్‌ని చావగొట్టి, తలలో కాల్చి, నదిలో పారేస్తారు. అతను బతకడం ఒక వింతయితే, బతికాక మారడం అసలు కథ. అప్పటిదాకా అన్నీ తెలుసనుకున్నవాడు ఆ తర్వాత ప్రతి ఇష్యూలో తనని తానే ప్రశ్నించుకుంటాడు. ఊరు మాత్రం మారదు. దొంగని పట్టుకుంటే ఊరు బాగుపడిపోతుందని ఈ కథ ఎక్కడా నమ్మించదు. మునిసిపల్ రాజకీయాలని దగ్గరగా చూసినవాళ్లకి హబ్ సిటీ కొత్తగా ఏం అనిపించదు. అందుకే మనవాళ్లకి ఇది బాగా ఎక్కుతుందని నా నమ్మకం. పిల్లలకి మాత్రం కాదు.

*కథ ఎటు పోతుందో తెలియకూడదు అనుకుంటే, యానిమల్ మ్యాన్.* బడ్డీ బేకర్‌కి పెళ్లయింది, ఇద్దరు పిల్లలున్నారు. దగ్గర్లో ఉన్న ఏ జంతువు శక్తినైనా కాసేపు అరువు తెచ్చుకోగలడు. పక్షి ఉంటే ఎగురుతాడు. మా తమ్ముడికి ఇది చెబితే "ఇంట్లో బొద్దింక తప్ప ఏమీ లేకపోతే?" అన్నాడు. నవ్వులాటకి అడిగాడు గానీ సరైన ప్రశ్నే. ఈ హీరో 1965 నుంచి ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. 1988లో గ్రాంట్ మారిసన్ రాయడం మొదలుపెట్టాక కథే మారిపోయింది. ఆ రన్ 26 ఇష్యూలు, లోపలి బొమ్మలు ఎక్కువగా చాస్ ట్రూగ్‌వి.

ఇక్కడ ఒక జాగ్రత్త. దీన్ని ముందు నాలుగు ఇష్యూల కథగానే అనుకున్నారు, తర్వాత పొడిగించారు. ఆ నాలుగూ బాగానే ఉంటాయి, కానీ మామూలు సూపర్‌హీరో కథకి మరీ దూరంగా వెళ్లవు. చాలామంది అక్కడే ఆపేసి "ఏముంది ఇందులో" అంటారు. ఐదో ఇష్యూ చదివాక నిర్ణయించుకోండి. అందులో ఎడారి రోడ్డు మీద ఒక నక్కలాంటి ప్రాణి చస్తూ, మళ్లీ లేస్తూ ఉంటుంది. హీరో ఆ కథలో దాదాపు ప్రేక్షకుడే. ఇంతకన్నా చెబితే పాడైపోతుంది.

*ఇంట్లో హైస్కూల్ పిల్లలుంటే, స్టాటిక్.* వర్జిల్ హాకిన్స్ కరెంటుతో ఆడుకునే కుర్రాడు. నోరు ఊరుకోదు. 1993లో నల్లజాతి కళాకారులు కలిసి పెట్టిన మైల్‌స్టోన్ సంస్థ నుంచి వచ్చాడు. డ్వేన్ మెక్‌డఫీ, రాబర్ట్ వాషింగ్టన్ రాశారు, జాన్ పాల్ లియాన్ గీశాడు. 2000 నుంచి 2004 దాకా వచ్చిన కార్టూన్ చూసినవాళ్లు "ఇతను నాకు తెలుసు" అంటారు. కామిక్ అంతకంటే గట్టిది. ఇందులో శక్తులు వచ్చిన చోటికి ఆ రాత్రి వర్జిల్ ఊరికే వెళ్లలేదు, తనని ఏడిపించినవాణ్ని కాల్చడానికి జేబులో తుపాకీ పెట్టుకుని వెళ్లాడు. కాల్చలేక పారేశాడు. వర్జిల్ పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. 1949లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం లా స్కూల్లో నల్లవాడనే కారణంతో సీటు ఇవ్వకపోతే కోర్టుకెక్కిన మనిషి పేరది.

*నవ్వుకోవాలంటే, స్క్విరల్ గర్ల్.* ఉడతలతో మాట్లాడే అమ్మాయి, స్పైడర్‌మన్ కామిక్స్ వేసే మార్వెల్ కంపెనీలో మహామహా విలన్లని ఓడించేస్తుంది, ఎక్కువసార్లు మాటలతోనే. ర్యాన్ నార్త్, ఎరికా హెండర్సన్ 2015లో మొదలుపెట్టిన రన్ చదవండి. పదేళ్లు దాటిన పిల్లలకి మొదటి పుస్తకంగా దీన్ని మించింది నాకు తెలియదు. ప్రతి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో జోకు ఉంటుంది. అది చదవకపోతే సగం మజా పోయినట్టే.

*మార్షియన్ మ్యాన్‌హంటర్* సంగతి వేరు. 1955 నవంబరులో వచ్చినవాడు, డీసీ హీరోల జట్టు జస్టిస్ లీగ్‌లో మొదటినుంచీ ఉన్నవాడు. ఎగురుతాడు, మాయమవుతాడు, రూపం మారుస్తాడు, మనసులు చదువుతాడు. నిప్పంటే భయం. ఇన్ని ఉన్నా సొంత పుస్తకం నిలబడింది తక్కువ. కారణం ఏమిటంటే చాలామంది రచయితలు ఇతన్ని 'పచ్చరంగు సూపర్‌మన్'లా వాడుకున్నారు. 2018 డిసెంబరులో స్టీవ్ ఒర్లాండో, రైలీ రాస్మో మొదలుపెట్టిన 12 ఇష్యూల కథ మాత్రం ఇతని మొహం తిన్నగా చూసింది. మార్స్ మీద ఇతను నిజాయితీ లేని పోలీసు అన్న దగ్గర మొదలవుతుంది. బొమ్మలు మైనం కరిగినట్టుంటాయి. కొందరికి మొదటి చూపులో నచ్చవు.

హిందీ చదవగలిగితే రాజ్ కామిక్స్ *సూపర్ కమాండో ధ్రువ* కూడా చూడండి. అనుపమ్ సిన్హా 1987లో సృష్టించాడు. సర్కస్‌లో పెరిగిన కుర్రాడు. ఎగరడాలు, కళ్లలోంచి మంటలు లాంటివి లేవు. బుర్ర, బైకు, కాస్త సైన్సు. మన దేశంలో సూపర్‌హీరోలు లేరని బాధపడేవాళ్లకి నేను మొదట ఇతని పేరే చెబుతాను.

మెట్టు 2: సరైన పుస్తకమేనా కాదా చూసుకోండి

సగం మంది బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మొదట, 'నంబర్ 1' అని కవర్ మీద ఉంటే అది కథ మొదలు అనుకోకండి. అమ్మకాలు తగ్గినప్పుడల్లా కంపెనీలు నంబర్లని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాయి. స్క్విరల్ గర్ల్‌కి 2015 ఒక్క ఏడాదిలోనే రెండు 'నంబర్ 1'లు వచ్చాయి. జనవరిలో మొదలైనది 8 ఇష్యూలకి ఆపి, అక్టోబరులో మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. రెండో దాని కవర్ మీద వాళ్లే తమ మీద జోకు వేసుకున్నారు, ఈ ఏడాది ఇది మా రెండో నంబర్ వన్ మాత్రమే అని. మీకు కావాల్సింది జనవరిది.

రెండు, ఒకే పేరు వేర్వేరు మనుషులకి ఉంటుంది. బ్లూ బీటిల్ అంటే 1939లో ఒకడు, 1966లో ఇంకొకడు, 2006లో మూడోవాడు. 2023లో సినిమా వచ్చింది మూడోవాడి మీద, అంటే హైమే రెయెస్ మీద. సినిమా నచ్చి పాత సంపుటం కొంటే అందులో టెడ్ కార్డ్ అనే పెద్దమనిషి ఉంటాడు. అతనూ మంచివాడే, కానీ మీరు అడిగింది అతన్ని కాదు. క్వశ్చన్ కూడా అంతే. తర్వాతి కథల్లో ఆ మాస్క్ రెనే మోంటోయా అనే ఆవిడ తొడుక్కుంటుంది.

మూడు, కవర్ గీసినవాళ్లు లోపల గీయకపోవచ్చు. క్వశ్చన్ కవర్లు చాలావాటికి బిల్ సింకెవిచ్ రంగులు వేశాడు, యానిమల్ మ్యాన్‌కి బ్రయన్ బొలాండ్ గీశాడు. రెండూ అద్భుతం. లోపల బొమ్మలు వేరేవాళ్లవి. "కవర్ చూసి కొన్నాను, మోసం" అని నాతో ఒకరు అన్నారు. మోసం కాదు, ఆ పరిశ్రమ పద్ధతే అది. కొనేముందు లోపలి పేజీలు రెండు చూడండి.

చూసుకునే పద్ధతి ఇది. పుస్తకం వెనక అట్ట మీదో, లోపల కాపీరైటు పేజీలోనో 'కలెక్టింగ్' లేదా 'కలెక్ట్స్' అని మొదలయ్యే వాక్యం ఒకటి ఉంటుంది. ఏ సిరీస్, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా అనేది అక్కడే రాస్తారు. ఆన్‌లైన్‌లో కొంటే పుస్తకం వివరాల్లో వెతకండి. మూడు విషయాలు సరిపోవాలి: సిరీస్ మొదలైన సంవత్సరం, రచయిత పేరు, ఇష్యూ నంబర్లు. క్వశ్చన్ పాత సంపుటాలు ఆరు, ఒక్కోదాంట్లో ఆరేసి ఇష్యూలు. మొదటిదాంట్లో 1 నుంచి 6 ఉండాలి. యానిమల్ మ్యాన్ మొదటి సంపుటంలో 1 నుంచి 9. ఈ మూడింట్లో ఒక్కటి తేడా ఉన్నా కొనకండి.

నా సంగతి చెబుతాను. పాత పుస్తకాల దుకాణంలో ఒక సంపుటం దొరికిందని సంబరంగా కొన్నాను. అట్ట మీద సంపుటం నంబరు ఉండే చోట సరిగ్గా ధర స్టిక్కర్ అంటించారు. ఇంటికొచ్చి గోటితో గీకితే కింద '3' అని ఉంది. వెనక్కి తీసుకోనన్నారు. అప్పటినుంచి స్టిక్కర్ కనబడితే ముందు 'కలెక్టింగ్' వాక్యం చదువుతాను, తర్వాతే పర్సు తీస్తాను.

మెట్టు 3: పుస్తకం సంపాదించండి

కిండిల్‌లో కొనుక్కోవడం అన్నిటికన్నా తేలిక. పాత వ్యాసాల్లో కామిక్సాలజీ యాప్ దించుకోమని ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. 2023 డిసెంబరులో అది కిండిల్‌లో కలిసిపోయింది. ముందు ఉచిత శాంపిల్ దించుకుని మీ ట్యాబ్‌లో అక్షరాలు కనబడుతున్నాయో లేదో చూసి అప్పుడు కొనండి.

స్క్విరల్ గర్ల్ లాంటి మార్వెల్ హీరోలకి మార్వెల్ అన్‌లిమిటెడ్ చందా ఉంది. ఒక నెల కట్టి, ఆ నెలలో చదివేసి ఆపేయడం నా పద్ధతి. క్వశ్చన్, యానిమల్ మ్యాన్, స్టాటిక్ అందులో దొరకరు, వాళ్లు డీసీ వైపు.

అమెరికాలో ఉన్నవాళ్లయితే కొనకముందు మీ ఊరి లైబ్రరీ కార్డుతో హూప్లా అనే డిజిటల్ పుస్తకాల యాప్ పనిచేస్తుందేమో చూడండి. నెలకి ఇన్ని అని లైబ్రరీ లెక్క పెడుతుంది, ఆ లెక్కలో ఉచితం. అక్కడి మనవాళ్లు చాలామందికి ఈ సంగతే తెలియదు.

కాగితం పుస్తకం కావాలంటే హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్, విజయవాడలో లెనిన్ సెంటర్ ఓసారి తిరిగి రావచ్చు. దొరుకుతాయని గ్యారంటీ ఏమీ లేదు. దొరికేవాటిలో ఎక్కువ మధ్యలో నుంచి ఊడిపడ్డ విడి ఇష్యూలు. చవగ్గా ఉన్నాయని పాతిక కొనకండి. 14వ నంబరు ఒక్కటే చేతిలో పెట్టుకుని హీరోని అర్థం చేసుకోవడమంటే సీరియల్ మధ్యలో ఒక్క ఎపిసోడ్ చూసినట్టే. ధ్రువ కామిక్స్ కథలు చాలావరకు ఒక పుస్తకంలోనే అయిపోతాయి కాబట్టి అవి విడిగా కొన్నా ఫరవాలేదు. 'పార్ట్ 1' అని ఉందేమో మాత్రం చూసుకోండి.

స్టాటిక్‌కి మైల్‌స్టోన్ కాంపెండియమ్ అని వెయ్యికి పైగా పేజీల లావు పుస్తకం ఉంది. అందులో స్టాటిక్ ఒక్కడే కాదు, ఆ సంస్థ మిగతా హీరోలూ ఉంటారు. పడుకుని చదివితే చేతులు నొప్పెడతాయి. డిజిటల్‌లో స్టాటిక్ మాత్రమే తీసుకోవడం నయం. 2021లో మొదలైన కొత్త స్టాటిక్ వేరే కథ, అది తర్వాత.

మెట్టు 4: పేజీ చదివే పద్ధతి

ఎడమ నుంచి కుడికి, పైవరస అయ్యాక కింది వరస. ఇది చెప్పాలా అనుకోకండి. మాంగా, అంటే జపాన్ కామిక్స్, అలవాటైన పిల్లలు కుడి నుంచి మొదలుపెట్టి, జవాబు ముందు, ప్రశ్న తర్వాత చదివి తికమకపడటం నేను చూశాను. మాటల బుడగల్లో పైన ఉన్నది ముందు. చదరపు పెట్టెల్లో ఉండేది కథ చెప్పే గొంతు, లేదా ఎవరి మనసులో మాటో. ఒకే పుస్తకంలో పెట్టె రంగు మారితే గొంతు మారిందేమో చూసుకోండి. లావు అక్షరాల్లో ఉన్న మాటని ఒత్తి పలకాలి.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చేసే పెద్ద పొరపాటు, బుడగలు మాత్రమే చదువుకుంటూ పేజీలు తిప్పేయడం. అలా చదివితే ఒక ఇష్యూ ఆరు నిమిషాల్లో అయిపోతుంది, ఏమీ మిగలదు. దానికి నేను చెప్పే వైద్యం ఇది. పేజీ తిప్పగానే మూడు క్షణాలు మొత్తం పేజీ చూడండి, చదవకండి. ఏ గడి పెద్దది, ఎక్కడ చీకటి, ఎవరి మొహం దగ్గరగా ఉంది. తర్వాత మాటలు చదవండి. మాటలు లేని గడి వచ్చినప్పుడు ఆగండి. అక్కడ ఆర్టిస్టు ఏదో చెబుతున్నాడు.

క్వశ్చన్‌లో ఇది బాగా తెలుస్తుంది. మాస్క్ వేసుకున్నాక అతనికి మొహమే లేదు. కోపమో, భయమో, అలసటో తెలియడానికి కళ్లు లేవు, పెదవులు లేవు. మరి కోవన్ ఎలా చూపిస్తాడు? భుజాలు ఎలా వంగాయో, టోపీ ఎంత కిందికి దిగిందో, కోటు ఎటు ఎగిరిందో చూడండి. అదే మనిషి మాస్క్ తీసి టీవీ కెమెరా ముందు కూర్చున్నప్పుడు మొహం ఉంటుంది, ఒళ్లు మాత్రం బిగుసుకుపోయి ఉంటుంది. అలాంటి రెండు పేజీలని పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు అసలు మనిషో, ఎవరు వేషమో అనుమానం వస్తుంది. ఆ అనుమానం బుడగల్లో ఎక్కడా రాసి ఉండదు.

ఫోన్ వద్దన్నది ఇందుకే. ఫోన్‌లో ఒక్కో గడినే పెద్దది చేసి చూపిస్తారు. మాటలు చదవడానికి బాగుంటుంది, పేజీ మాత్రం పోతుంది. ఫోన్ తప్ప వేరే దారి లేకపోతే అడ్డంగా తిప్పి పట్టుకోండి, ప్రతి పేజీ ముందు మొత్తంగా చూసి తర్వాత గడుల్లోకి వెళ్లండి.

మెట్టు 5: తెలియని పేరు వస్తే ఆగకండి

మూడో ఇష్యూలోనో, నాలుగో ఇష్యూలోనో మీకు తెలియని ఎవరో హఠాత్తుగా ఊడిపడతారు. హీరో "ఓహ్, నువ్వా" అంటాడు. మీకు టెన్షన్. వెంటనే వికీ తెరుస్తారు, అక్కడినుంచి ఇంకో లింకు, గంట అయ్యేసరికి పుస్తకం సంగతే మర్చిపోతారు.

అలా కాకుండా మూడు పేజీల నియమం పాటించండి. పేరు నోట్‌బుక్‌లో రాసుకుని ఇంకో మూడు పేజీలు చదవండి. మంచి రచయిత ఆ మూడు పేజీల్లోనే కావాల్సినంత చెప్పేస్తాడు. అప్పటికీ కథ అర్థం కాకపోతే, ఆ పేరు గురించి ఎవరినైనా అడిగి ఒక్క వాక్యంలో తెలుసుకోండి.

'ఇది ఫలానా సిరీస్ ఫలానా నంబరులో కొనసాగుతుంది' అని కింద ఉంటే అది క్రాస్ఓవర్. దాని వెనక పరిగెత్తకండి. మీ పుస్తకంలో తర్వాతి పేజీకి వెళ్లండి. అవసరమైన ఇష్యూ అయితే సంపుటం వేసేవాళ్లే చాలావరకు అందులో కలుపుతారు.

మెట్టు 6: నోట్‌బుక్‌లో చేసినవాళ్ల పేర్లు రాయండి

చాలామంది ఈ మెట్టు ఎగరగొడతారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

ప్రతి ఇష్యూ మొదట్లో రచయిత, పెన్సిల్ గీసినవాళ్లు, ఇంకు వేసినవాళ్లు, రంగులు, అక్షరాలు అని పేర్లు ఉంటాయి. మొదటి రెండూ తప్పకుండా రాసుకోండి. ఎందుకో చూడండి. డిట్కో పేరు రాసుకున్నారనుకుందాం. స్టాన్ లీతో కలిసి స్పైడర్‌మన్‌ని సృష్టించింది ఆయనే. క్వశ్చన్ ఆయనదే. బ్లూ బీటిల్ టెడ్ కార్డ్ ఆయనదే. 1990ల మొదట్లో స్క్విరల్ గర్ల్ మొదటి కథ గీసిందీ ఆయనే. ఒక్క పేరు పట్టుకుంటే నలుగురు హీరోలు. ఇక డెనిస్ కోవన్? క్వశ్చన్ గీసిన ఆ మనిషే తర్వాత మెక్‌డఫీతో పాటు మైల్‌స్టోన్ సంస్థాపకుల్లో ఒకడు. అంటే క్వశ్చన్ చదివి నోట్‌బుక్ రాసుకున్నవాళ్లకి స్టాటిక్ దగ్గరికి దారి అదే దొరుకుతుంది, నా లిస్టు అక్కర్లేదు.

గుర్తింపు గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఇంకో మాట. హీరోకి పేరు రాకపోవడం ఒక రకం, చేసినవాళ్లకి రాకపోవడం ఇంకో రకం. బ్యాట్‌మన్ అంతటివాడిని తీర్చిదిద్దిన బిల్ ఫింగర్ 1974లో చనిపోయాడు. సినిమాల్లో, కామిక్స్‌లో ఆయన పేరు అధికారికంగా వేయడానికి 2015 దాకా పట్టింది. నోట్‌బుక్‌లో ఒక గీత గీసి పేరు రాయడానికి మనకి పావు నిమిషం పట్టదు.

మెట్టు 7: పని అయిందా లేదా చూసుకోండి

మొదటి సంపుటం పూర్తయ్యాక పుస్తకం మూసి ఈ పరీక్షలు పెట్టుకోండి.

మొదటిది, ఇంట్లో కామిక్స్ అంటే తెలియనివాళ్లకి ఆ హీరో గురించి తెలుగులో ఐదు వాక్యాలు చెప్పండి. షరతు ఏమిటంటే, శక్తుల గురించి ఒక్క ముక్క కూడా ఉండకూడదు. నేను మా అమ్మకి యానిమల్ మ్యాన్ గురించి ఇలా చెప్పాను: "పెళ్లాం సంపాదిస్తుంటే ఇంట్లో కూర్చున్న మనిషి. ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాడు. చేస్తూ చేస్తూ జంతువులని జనం ఎలా చూస్తున్నారో కనబడింది. మాంసం మానేశాడు. ఇంట్లో గొడవ మొదలైంది." అమ్మ "తర్వాత?" అంది. పాస్. మీకు శక్తులు తప్ప ఏమీ గుర్తు రాకపోతే బుడగలు మాత్రమే చదివారని లెక్క. మొదటి రెండు ఇష్యూలు నాలుగో మెట్టు ప్రకారం మళ్లీ చదవండి.

రెండోది, పుస్తకంలో మీరు వెనక్కి తిప్పి మళ్లీ చూసిన పేజీ ఒక్కటైనా ఉందా? ఉంటే ఆర్టిస్టు మీకు పట్టుబడ్డాడు.

మూడోది, రెండో సంపుటం కొనాలని ఉందా? లేకపోతే ఏమీ పోలేదు. కానీ హీరో నచ్చలేదా, ఆ రన్ నచ్చలేదా తేల్చుకోండి. మనిషి నచ్చి కథ నడక నచ్చకపోతే అదే హీరో మీద ఇంకో రచయిత రన్ చూడండి. మనిషే నచ్చకపోతే ఒకటో మెట్టుకి వెళ్లి ఇంకొకరిని ఎంచుకోండి. పాత సామాన్లంటే పిచ్చి ఉన్నవాళ్లకి నా జేబులో ఇంకో పేరుంది, స్టార్‌మ్యాన్. 1994లో జేమ్స్ రాబిన్సన్, టోనీ హారిస్ మొదలుపెట్టినది. పాత వస్తువుల కొట్టు నడుపుకునే జాక్ నైట్‌కి తండ్రి హీరోగిరీ ఇష్టం లేకుండానే నెత్తిన పడుతుంది. బిగుతు డ్రెస్సు వేసుకోనంటాడు, తోలు జాకెట్‌తోనే తిరుగుతాడు. 80కి పైగా ఇష్యూలు, కాబట్టి మొదటి పుస్తకంగా చెప్పను.

మెట్టు 8: ఇంకొకరికి అంటించండి

మీకు నచ్చిన హీరోకి పేరు రావాలనుంటే "అండర్‌రేటెడ్, అండర్‌రేటెడ్" అని పోస్టులు పెట్టడం వల్ల ఒరిగేది తక్కువ. నేను చూసినంతలో పనిచేసేవి రెండే. ఒకటి, మీకు బాగా నచ్చిన ఒక్క గడి ఫొటో తీసి, అది ఎందుకు నచ్చిందో తెలుగులో నాలుగు ముక్కలు రాసి, రచయిత, ఆర్టిస్టు పేర్లు, ఇష్యూ నంబరు వేయండి. చదివినవాళ్లు వెతుక్కోవడానికి దారి ఉండాలి కదా. పుస్తకం మొత్తం స్కాన్ చేసి గ్రూపుల్లో పెట్టకండి. అమ్మకాలు లేకపోతే ఆ సంపుటం మళ్లీ అచ్చు కాదు, అప్పుడు మీకే రెండోది దొరకదు.

రెండు, పుస్తకం అరువు ఇవ్వండి. "చాలా గొప్పగా ఉంటుంది" అని ఊరించకండి, "ఐదో ఇష్యూ దాకా చదివి చెప్పు" అనండి. అంత చిన్న పని ఎవరైనా చేస్తారు. ఎవరికిచ్చారో, ఏ తేదీనో అదే నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోండి. నేను రాసుకోని రోజుల్లో ఇచ్చిన క్వశ్చన్ రెండో సంపుటం ఎవరి దగ్గరుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇది చదువుతున్న మీ దగ్గరే ఉంటే, మూడోది కూడా తీసుకెళ్లి రెండూ కలిపి తెచ్చివ్వండి.